రెండో కిటికీ తెరిచాక

మా అత్తయ్య బస్సుల డిపోలో పనిముట్ల గది చూస్తుంది. 'చూస్తుంది' అనడం చాలా చిన్నమాట. ఆవిడ గొంతు సవరించుకుంటే గోడ మీది స్పానర్లు సైజుల వారీగా సర్దుకుని నిలబడతాయి. ఒకసారి పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటుంటే, "నిన్న ఆరో నంబరు బస్సు డ్రైవరు సీటులో పెట్టారు సార్" అందట. ఇలాంటివి నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్ళూ ఉన్నారు. నేను చేర్చినదంతా తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు: ఇరవై ఒక్కేళ్ళు, రోజుకి రెండు వందల ఇచ్చిపుచ్చుకోవడాలు, పోయిన పనిముట్లు సున్నా.

ఆ గదికి అప్పట్లో ఒకటే కిటికీ. మెకానిక్కులు మోచేతులు ఆనించి ఆనించి దాని చెక్క నున్నగా తేలిపోయింది. లోపల మూడు గోడలకీ తెల్ల పలకలు, వాటి మీద ఒక్కో పనిముట్టు ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. సుత్తి ఎవరైనా పట్టుకెళ్తే ఆ చోట సుత్తి నీడ మాత్రం మిగులుతుంది.

"నీడ కనబడిందంటే వస్తువు ఎవరి చేతిలోనో ఉందన్నమాట. ఎవరి చేతిలో అన్నది చెప్పడమే నా ఉద్యోగం," అనేది అత్తయ్య.

వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఒక స్పానరుని ఇంజను లోపల మరిచిపోయి మూత బిగించేశారనుకోండి. ఆ బస్సు రోడ్డెక్కాక ఏమవుతుందో చెప్పడానికి నా కల్పనలు అక్కర్లేదు. అందుకే గోడ మీద ఉన్న ప్రతి నీడకీ ఒక మనిషిని చూపించగలిగితేనే అత్తయ్య చీటీ మీద సంతకం పెట్టేది. ఆవిడ సంతకం పడితేనే బాగుచేసిన బస్సు గేటు దాటేది.

ఇక నా సంగతి. నేను ఇంజినీరింగు రెండున్నరేళ్ళు చదివాను. నాకు నేర్పడానికి కాలేజీ దగ్గర ఇంకేమీ మిగల్లేదని జాలిపడి బయటికొచ్చేశాను. ఈ విషయంలో కాలేజీవాళ్ళ కథనం వేరేగా ఉంటుంది, అది ఇక్కడ అనవసరం. అత్తయ్య ఇంట్లో ముందుగదిలో మకాం పెట్టాను. అదే గదిలో మామయ్య మిషను వేసుకుని కర్టెన్లు కుడతాడు.

"ఏరా అల్లుడూ, లోకాన్ని ఎప్పుడు ఉద్ధరిస్తున్నావు? ముందే చెబితే ఆ రోజు మిషను ఆపుకుంటాను, చప్పుడు లేకుండా," అనేవాడు.

లోకం కంటే ముందు డిపో వంతు వచ్చింది. నోటుపుస్తకాలు తీసేసి పనిముట్ల గదిలో కంప్యూటరు పెట్టారు. దానికి కావలసిన ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. రెండు రోజులు పట్టింది. అడిగినవాళ్ళకి ఒక పూట అని చెబుతాను. ఎవరు తీసుకున్నారు, ఏమిటి, ఎన్నింటికి, తిరిగి ఎప్పుడిచ్చారు. అంతే. రాసినదంతా ఎక్కడ దాచాలన్న దగ్గరే కాస్త చర్చ జరిగింది. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు, ఆఖరిదాకా చదివిన అభాగ్యుడు, ఫోనులో దొరికాడు.

"డేటాబేసులో పెట్టరా," అన్నాడు.

"ఎందుకు? మామూలు ఫైలు చాలు. ఒక ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక లైను. ఎవడైనా, దేనితోనైనా తెరిచి చదువుకుంటాడు. నకలు కావాలంటే కాపీ కొట్టుకుంటాడు. నీ డేటాబేసుతో మాట్లాడాలంటే మధ్యలో దుబాసీ కావాలి."

"ఇద్దరు ఒకేసారి రాస్తే ఏం చేస్తావ్?"

"ఒక గది, ఒక కిటికీ, ఒక అత్తయ్య. రెండోవాడు ఎక్కణ్ణుంచి ఊడిపడతాడ్రా?"

"ఊడిపడితే?"

"అప్పుడు చూద్దాంలే. పెద్ద చెప్పొచ్చావ్."

నిజానికి ఆ రోజుకి నేనన్నది తప్పేమీ కాదు. ఫైలు అత్తయ్యకి చక్కగా కుదిరింది. తెరిస్తే నోటుపుస్తకంలాగే ఉందని సంబరపడింది. పైగా తనే ఇంకో అడుగు వేసి, పనిముట్టుకొక ఫైలు చొప్పున తెరిచి వాటి గుణగణాలు రాయడం మొదలుపెట్టింది. 'ఇరవై నాలుగో నంబరు రెంచి: కుదురైనది, చెప్పినమాట వింటుంది.' 'చిన్న జాకీ: ఎత్తేటప్పుడు బుద్ధిగా ఉంటుంది, దించేటప్పుడు అలుగుతుంది, కొత్తవాళ్ళకి ఇవ్వకూడదు.' చదువుతుంటే పెళ్ళిసంబంధాల వివరాల్లా ఉండేవి.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత డిపోకి కొత్త బస్సులు వచ్చాయి, మెకానిక్కులు రెట్టింపయ్యారు. షిఫ్టు మారే అరగంటలో కిటికీ ముందు తోపులాట. అప్పుడు గదికి అవతలి గోడలో రెండో కిటికీ కొట్టించి, ఆ అరగంటా కూర్చోవడానికి స్టోరులోంచి ఒకతన్ని పంపారు. అత్తయ్య అతన్ని తమ్ముడూ అని పిలిచేది, మిగతావాళ్ళకి అతను రుమాలు. వచ్చీ రాగానే రుమాలుతో కుర్చీ తుడిచి, కీబోర్డు తుడిచి, ఆ రుమాలుని నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచేవాడు. రెండో కంప్యూటరులో కూడా నా ప్రోగ్రామే పెట్టి, అదే ఫైలుకి తగిలించాను. ఐదు నిమిషాల పని. దాని గురించి కూడా నలుగురి దగ్గర గొప్పలు చెప్పుకున్నట్టు గుర్తు.

ఆ నెలలోనే అత్తయ్య లెక్క తప్పడం మొదలైంది.

ముందు ఒక సుత్తి. గోడ మీద నీడ ఉంది, తెర మీద లైను లేదు. "రాశాననుకున్నానే," అంది. రెండు రోజుల తర్వాత బేరింగులు ఊడలాగే పుల్లరు ఒకటి. మరో వారానికి రెండు స్పానర్లు. ఆ పైన రోజుకి రెండు వందల లైన్లలో నాలుగో ఐదో. అన్నీ షిఫ్టు మారే సమయంలోవే. అన్నీ ఆవిడ ఇచ్చినవే. రుమాలు ఇచ్చిన వాటిలో ఒక్కటీ తప్పలేదు.

"రద్దీలో మరిచిపోయి ఉంటారు అక్కా, ఏం ఫర్వాలేదు," అన్నాడు ఫోర్‌మన్. అతను మంచివాడు. తిట్టినా బాగుండేదని అత్తయ్య ఇంటికొచ్చి అంది.

ఒక బుధవారం టార్క్ రెంచి వంతు వచ్చింది. చక్రాల నట్లు ఎంత బిగువుకి బిగించాలో అంతకి రాగానే 'టక్' మని చెప్పే రెంచి అది. డిపో మొత్తానికి అదొక్కటే.

"అక్కా, ఎవరి దగ్గరుంది?" అని ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"పొడుగుకిచ్చాను. రాశాను." అత్తయ్య తెర వైపు తిరిగింది. లైను లేదు. పైకీ కిందికీ రెండుసార్లు చూసింది. "రాశానయ్యా!"

"రాశారేమో అక్కా. కానీ లేదుగా."

పొడుగు అనే ఆ మెకానిక్ అప్పటికే దారిలో ఆగిపోయిన ఏదో బస్సు దగ్గరికి వెళ్ళాడు, ఫోను ఎత్తలేదు. చక్రాలు విప్పిన బస్సు నాలుగు గంటలు అలాగే నిలబడిపోయింది. మర్నాడు పొద్దున్నే అతను రెంచిని కిటికీ చెక్క మీద పెట్టి, "మీరే ఇచ్చారుగా అక్కా? ఇచ్చి, 'పసిపిల్లలాంటిది, కింద పడేయకు' అని కూడా అన్నారు," అన్నాడు.

ఇవ్వడం గుర్తుంది, అది నిజమే. రాయడం కూడా గుర్తుంది, కానీ రాసింది లేదు. అత్తయ్యని భయపెట్టింది అదే. చేసిన పని మరిచిపోతే మతిమరుపు అనుకుని నవ్వుకోవచ్చు. చెయ్యని పని చేసినట్టు గుర్తుంటే?

మా నాయనమ్మకి అలాగే మొదలైంది. యాభై ఐదో ఏట, పొయ్యి ఆపానని ఒట్టేసి చెప్పేది. వెనకాల పొయ్యి వెలుగుతూ ఉండేది. చివరి రోజుల్లో నన్ను చూసి, "బాబూ, మీరు ఎవరి కోసం వచ్చారు?" అని ఎంతో మర్యాదగా అడిగేది. ఆవిడని కడదాకా చూసుకున్నది అత్తయ్యే. ఇప్పుడు అత్తయ్యకి యాభై నాలుగు.

ఇంట్లో పొయ్యి పక్కన ఒక కాగితం వెలిసింది. పొయ్యి ఆపినప్పుడల్లా ఒక గీత. గీత గీసి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి గీతనీ పొయ్యినీ కూడా చూసుకునేది. మామయ్య మిషను ఆపి వంటింటి తలుపు వైపు చూస్తూ కూర్చునేవాడు.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దామా?" అన్నాడు.

"చూపించుకుంటాను. ముందు నన్ను ఆ కుర్చీలోంచి లేవనివ్వండి. నేను రాయని స్పానరు ఇంజన్లో ఉండిపోయి, ఆ బస్సులో యాభై మంది ఎక్కితే? గీతలు గీసుకుంటే సరిపోతుందా?"

వేరే పనికి మార్చమని కోరుతూ సోమవారం ఉత్తరం తెస్తానని ఫోర్‌మన్‌కి చెప్పేసి వచ్చింది. గురువారం సాయంత్రం దాన్ని రాసి, తప్పులు దిద్దమని నా చేతికిచ్చింది. దిద్దడానికి ఒక్కటీ దొరకలేదు. చేరిన తేదీ, మొదటి ఫోర్‌మన్ పదవీ విరమణ చేసిన తేదీ, కంప్యూటరు పెట్టిన తేదీ, అన్నీ ఏ కాగితమూ చూడకుండా రాసింది.

ఆవిడ లోపలికి వెళ్ళాక మామయ్య నా వైపు తిరిగాడు. "అల్లుడూ, నీ ప్రోగ్రాం ఒకసారి చూడకూడదూ?"

"నా ప్రోగ్రామా! రెండేళ్ళుగా ఒక్క అక్షరం మింగలేదు మామయ్యా."

"మీ అత్తయ్య ఇరవై ఒక్కేళ్ళుగా మింగలేదురా."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

శుక్రవారం ఆవిడ వెంట డిపోకి వెళ్ళాను. గదిలో ఒక మూల డబ్బా మీద కూర్చున్నాను. గ్రీజు వాసన, రివెట్ల చప్పుడు, కిటికీలో ఒకదాని వెనుక ఒకటి తలకాయలు. షిఫ్టు మారే వేళయింది. రుమాలు వచ్చి, తుడవాల్సినవన్నీ తుడిచి, ప్రోగ్రాం తెరిచాడు. అత్తయ్య కిటికీలో పొడుగు వంగి నిలబడ్డాడు.

"అక్కా, పసిపిల్లని ఒకసారి ఎత్తుకుంటాను."

"క్రితంసారి ఎత్తుకుని ఊరేగించావు. అరగంటలో తేవాలి."

రెంచి అందించి, పేరు రాసి, సేవ్ నొక్కి, లైను పడిందో లేదో మళ్ళీ తెరిచి చూసి, అప్పుడు మూసింది. ఆవిడ భుజం మీదుగా నేను కూడా చూశాను. తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు, వెళ్ళారు. రద్దీ తగ్గింది. అవతల రుమాలు ఒకసారి సేవ్ నొక్కి, మడత విప్పి చేతులు తుడుచుకుని లేచాడు. అంతలో పొడుగు రెంచి తెచ్చాడు. తిరిగి వచ్చిందని రాయడానికి అత్తయ్య తెర తెరిచింది.

లైను లేదు.

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ ముఖం చూడలేకపోయాను. "చూశావుగా? రాయలేదు నేను."

"రాశావు అత్తయ్యా. నా కళ్ళతో చూశాను."

"ఒరేయ్, నన్ను ఓదార్చకు. నీ కథలు నాకు తెలియవా?"

ఏళ్ళ తరబడి అబద్ధాలు చెప్పిన నోటితో నిజం చెబితే ఎలా ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది. రుమాలు అప్పుడే గది దాటబోతున్నాడు.

"అన్నా, ఆగు! నువ్వు సేవ్ ఎప్పుడు నొక్కుతావు?"

"ఎప్పుడేమిటి? లేచేటప్పుడు. ఒకసారి. మాటిమాటికీ నొక్కడం దేనికి, బటను అరిగిపోతుంది."

అప్పుడెప్పుడో ఫోనులో విన్న పక్క బెంచీవాడి గొంతు మళ్ళీ వినబడింది: ఊడిపడితే?

"మళ్ళీ కూర్చో అన్నా. తెరువు. అలాగే ఉంచు. అత్తయ్యా, ఇప్పుడు ఏదో ఒకటి రాయి. 'ఏనుగు, ఒకటి' అని రాయి."

రాసింది. సేవ్ చేసింది. మళ్ళీ తెరిచింది. ఏనుగు ఉంది.

"అన్నా, ఇప్పుడు నువ్వు నొక్కు."

నొక్కాడు. అత్తయ్య మళ్ళీ తెరిచింది. ఏనుగు లేదు.

అత్తయ్య కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "మళ్ళీ," అంది. ఈసారి తనే 'ఒంటె' అని రాసింది. ఒంటె కూడా పోయింది. మూడోసారి నన్ను గది బయట నిలబెట్టి, గారడీ ఏమీ లేకుండా, వాళ్ళిద్దరే చేసుకున్నారు. మూడో జంతువు ఏమిటో నాకు చెప్పలేదు గానీ అదీ మిగల్లేదు.

"అంటే అక్కా... ఇన్నాళ్ళూ నేనే తుడిచేశానా?" అన్నాడు రుమాలు.

"నువ్వు కాదు తమ్ముడూ. వీడు. ఇలా రారా లోపలికి. ఏం జరిగిందో మనిషి భాషలో చెప్పు."

చెప్పాను. "ఫైలంటే ఒక కాగితం అనుకో. అన్న కూర్చోగానే ఆ కాగితానికి నకలు తీసుకుంటున్నాడు. అరగంటా ఆ నకలు మీదే రాస్తున్నాడు. లేచేటప్పుడు అసలు కాగితం తీసేసి తన నకలు పెట్టేస్తున్నాడు. మధ్యలో నువ్వు అసలు దాని మీద రాసినవన్నీ దాంతోపాటే పోతున్నాయి. నువ్వు ఎంత జాగ్రత్తగా వెంటవెంటనే సేవ్ చేస్తే అంతగా పోతున్నాయి. ప్రోగ్రాం అలా రాసింది నేను. రెండో కిటికీ వచ్చినప్పుడు మార్చాల్సింది, మార్చలేదు."

అత్తయ్య స్టూలు మీద కూర్చుంది. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. ఎంతో నెమ్మదిగా, "మరి మా అమ్మకి కూడా ఇలాగే ఎవరైనా..." అంది.

"లేదు అత్తయ్యా. నాయనమ్మది నిజంగా జబ్బే."

"ఊఁ," అంది. తలాడించింది. ఆ తర్వాతే కోపం వచ్చింది. "మూడు వారాలురా! మూడు వారాలు అన్నం సయించలేదు నాకు. ఇంటికెళ్ళి పొయ్యి చూసి భయం, పడుకుంటే భయం!"

"తప్పు నాదే అత్తయ్యా."

"రివెట్ల చప్పుడులో వినబడలేదు. గట్టిగా."

"తప్పు నాదే!"

షెడ్డంతా ప్రతిధ్వనించింది. కింద పడుకుని పని చేసుకుంటున్న మెకానిక్కులు బస్సుల కిందినుంచి తలలు బయటికి పెట్టి చూశారు.

శని, ఆదివారాలు మామయ్య మిషను పక్కనే కూర్చుని రాశాను. డేటాబేసు ఏమిటో చెప్పమని అత్తయ్య అడిగితే, అది కాగితం కాదనీ, కాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా దగ్గర పెట్టుకున్న గుమాస్తాలాంటిదనీ చెప్పాను. ఎవరు చెప్పిన లైను వాళ్ళది విడిగా రాస్తుంది. ఇద్దరు ఒకేసారి చెబితే ఒకరిని ఒక్క క్షణం ఆగమంటుంది. ఇప్పటికే పొడుగు చేతిలో ఉన్న రెంచిని రెండో కిటికీలో ఇంకొకరికి రాయబోతే కుదరదంటుంది.

"అంటే నాలాంటి మనిషే," అంది అత్తయ్య.

"నీకంటే కాస్త తక్కువే."

సేవ్ బటను పీకేశాను. ఇచ్చానని నొక్కగానే ఆ ఒక్క లైను వెళ్ళి తన చోట కూర్చుంటుంది. ఆ ఊపులో పనిముట్ల గుణగణాల ఫైళ్ళని కూడా డేటాబేసులోకి ఎక్కించబోయాను. గడులు గీశాను: బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు. అత్తయ్య అడ్డుపడింది.

"చిన్న జాకీ అలుగుతుందని రాశాను. అది ఏ గడిలో పడుతుంది?"

"ఫర్వాలేదు... లో?"

"ఫర్వాలేదట! దాని కింద పడుకునేవాణ్ణి అడుగు. అయినా అవి రాసేది నేనొక్కదాన్నేగా? ఇంకెవరూ ముట్టుకోరుగా? మరి వాటికేం రోగం? అలాగే ఉండనీ."

ఆలోచిస్తే ఆవిడన్నదే సబబు. ఇద్దరు రాసేది డేటాబేసులోకి వెళ్ళింది, ఒక్కరే రాసుకునేది ఫైళ్ళలోనే ఉండిపోయింది. ఆఖరిదాకా చదివిన నా పక్క బెంచీవాడు ఈ సంగతి విని, ఇంత తేలిగ్గా చెప్పడం తనకి చేతకాదన్నాడు. నేను చెప్పానని అనుకున్నాడు. నేను కాదనలేదు.

సోమవారం ఫోర్‌మన్ ముందు నిలబడి జరిగిందంతా మొదట్నుంచీ చెప్పాను, ఒక్క ముక్క కూడా కలపకుండా. చెప్పడం చాలా కష్టమైంది. అతను విని, ఊపిరి పీల్చుకుని, అత్తయ్య వైపు తిరిగాడు.

"మరి ఆ ఉత్తరం అక్కా?"

"ఏ ఉత్తరం? నాకేం గుర్తులేదయ్యా," అంది అత్తయ్య. అని, తనే ముందు నవ్వింది. ఆ మాటతో ఆవిడ అలా నవ్వగలదని అంతకు వారం ముందు మా ఇంట్లో ఎవరం అనుకోలేదు.

మొన్న పెద్ద వాన పడింది. అత్తయ్య తలనుంచి పాదాల దాకా తడిసి ఇల్లు చేరింది. మామయ్య మిషను ఆగిపోయింది.

"గొడుగేదీ?" అన్నాడు.

"గదిలోనే మరిచిపోయాను."

ఆయన నా వైపు చూశాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ మా ఇద్దరి వైపూ చూసింది.

"అబ్బబ్బ, గొడుగే కదా మరిచిపోయింది! మీ గొడుగులు ఏడాదికెన్ని పోతాయో చెప్పమంటారా?" అని, తువ్వాలు తీసుకుని జుట్టు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.